లేజర్‌కు పట్టిన మసి

గాలి వేగాన్ని లేజర్‌తో కొలిచే ఇయోలస్ ఉపగ్రహం 2018 ఆగస్టు 21న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఎగరాలి. పై గాలులు జోరుగా ఉన్నాయని ఒక రోజు వాయిదా వేశారు! ఆ ఒక్క రోజుదేముంది, అప్పటికే పదకొండేళ్లు ఆలస్యమైంది. ఐరోపా అంతరిక్ష సంస్థ 1999లో ఒప్పుకున్న ప్రాజెక్టు అది, 2007లో ఎగరాల్సింది. ఇంత ఆలస్యానికి ముఖ్య కారణం లేజరే.

వాతావరణాన్ని లేజర్‌తో పైనుంచి చూడొచ్చని 1994లోనే డిస్కవరీ షటిల్‌లో నాసా చేసిన ప్రయోగం చూపించింది. కానీ అది కొద్ది రోజుల పని. ఏళ్ల తరబడి నిలబడాలంటే కథ వేరు. 2003లో వెళ్లిన, మంచు పొరల ఎత్తు కొలిచే నాసా ఉపగ్రహం ఐస్‌శాట్‌లో మూడు లేజర్లు పెడితే మొదటిది ఐదారు వారాలకే పోయింది. లేజర్‌కు శక్తినిచ్చే లోపలి డయోడ్లలో టంకంగా వాడిన ఇండియం అనే లోహం అక్కడి సన్నని బంగారు తీగల్ని మెల్లగా తినేసింది. దాంతో మిగిలిన రెండింటినీ నెల నడిపి కొన్ని నెలలు ఆపుతూ 2009 దాకా నెట్టుకొచ్చారు.

ఇయోలస్ చిక్కు ఇంకో రకం. గాలి అణువుల నుంచి వెలుగు బాగా తిరిగి రావాలంటే తరంగదైర్ఘ్యం తక్కువ ఉండాలి. అందుకే 355 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఎంచుకున్నారు. సెకనుకు యాభై మెరుపులు. శూన్యంలో పెడితే జిగురు, వైర్ల తొడుగుల్లాంటి వాటి నుంచి కంటికి కనిపించని ఆవిర్లు ఊరతాయి. ఆ కాంతి వాటిని విరగ్గొడితే కార్బన్ వెళ్లి అద్దాల మీద పేరుకుంటుంది. లాంతరు చిమ్నీకి మసి పట్టినట్టే. తేడా ఏమిటంటే, ఇక్కడ తర్వాతి మెరుపు ఆ మసిని వేడెక్కించి అద్దం పూతనే పాడుచేస్తుంది. తిరుపతి దగ్గర మన గాదంకిలో, లేజర్‌తో వాతావరణాన్ని చూసే లైడార్ పరికరం అయితే మనిషి వెళ్లి తుడిచి వస్తాడు. 320 కిలోమీటర్ల ఎత్తుకు ఎవరు వెళ్తారు?

విరుగుడు మాత్రం భలే చిన్నది: అద్దాల దగ్గర కాస్త ఆక్సిజన్ వదలడం. భూమ్మీద గాలి ఒత్తిడిలో వెయ్యో వంతు కూడా ఉండదు, కానీ కార్బన్ పేరుకోకముందే కాలిపోవడానికి అది చాలు. ఇది తేలడానికే ఏళ్లు పట్టింది.

అంతా చేసి పంపినా టెన్షన్ తప్పలేదు. మొదటి లేజర్ శక్తి 65 మిల్లీజౌళ్ల దగ్గర మొదలై పది నెలల్లోపే బాగా పడిపోయింది. 2019 జూన్‌లో రెండోదానికి మారారు. 2020 జనవరి నుంచి ఐరోపా వాతావరణ కేంద్రం ఆ గాలి లెక్కల్ని రోజువారీ అంచనాల్లో వాడింది. మూడేళ్లకని పంపిన ఉపగ్రహం 2023 ఏప్రిల్ దాకా కొలిచింది. చివర్లో, పక్కనపెట్టిన ఆ మొదటి లేజర్‌నే మళ్లీ వెలిగించారు.

మేఘాల్ని, గాలిలోని ధూళిని చూసేందుకు 2024 మేలో వెళ్లిన ఎర్త్‌కేర్ ఉపగ్రహంలోనూ అదే 355 నానోమీటర్ల కాంతి. ఈసారి లేజర్‌ను ఒత్తిడి నింపి మూసేసిన డబ్బాలో పెట్టారు. డబ్బాకూ పాత అనుభవం ఉంది: అలాంటి పనికే పంపిన 2006 నాటి కాలిప్సో ఉపగ్రహంలో మొదటి లేజర్ డబ్బా నుంచి గాలి మెల్లగా కారిపోతూ వచ్చింది, 2009లో రెండోదానికి మారాల్సి వచ్చింది.