పలుగురాయికి పలుగురాయి కొడితే మంట రాదు: అడవి విద్యలపై అపోహలు - వాస్తవాలు

వారాంతాల్లో నేను అగ్గిపెట్టె లేకుండా మంట చేయడం, నార పేనడం, ఆకులతో గూడు కట్టుకోవడం నేర్పుతుంటాను. వచ్చేవాళ్ళు వీడియోలు చూసి వస్తారు కాబట్టి, నేర్పడం కంటే ముందు మరిపించడమే నాకు పెద్ద పని.

అపోహ: ఏ రెండు రాళ్ళు కొట్టినా నిప్పు పుడుతుంది

రెండు పలుగురాళ్ళను చీకట్లో రుద్దితే మెరుపు కనబడే మాట నిజమే, కానీ ఆ మెరుపుకి దూదిని అంటించేంత వేడి ఉండదు. చెకుముకిలో, అంటే రాయితో ఉక్కుని కొట్టి నిప్పు తీసే పద్ధతిలో, నిప్పురవ్వ రాయిది కాదు, ఉక్కుది. రాయి అంచు ఉక్కు మీంచి సన్నటి రజను గీరుతుంది, ఆ రాపిడి వేడికి రజను గాల్లోనే మండుతుంది. అలాగని స్టెయిన్‌లెస్ స్టీలు చెంచా తెచ్చి ఎంత బాదినా లాభం లేదు. కార్బన్ ఎక్కువున్న గట్టి ఉక్కు కావాలి, ఇంట్లో మూలన పడున్న పాత ఆకురాయి (ఇనుము అరగదీసే ఫైలు) ముక్క బ్రహ్మాండంగా పనికొస్తుంది. పలుగురాయికి మన దగ్గర కొదవ లేదు. పగలగొట్టి పదునైన అంచు చూసుకుంటే చాలు (కళ్ళద్దాలు పెట్టుకుని, దయచేసి).

రవ్వ పుట్టడం సగం పనే, దాన్ని పట్టుకునేది కావాలి. మూతకి చిన్న చిల్లు పెట్టిన రేకు డబ్బాలో నూలుగుడ్డ ముక్కలు పెట్టి, చిల్లులోంచి పొగ ఆగేదాకా నిప్పు మీద ఉంచితే నల్లగా మాడతాయి. చల్లారకముందే మూత తీశారా, గాలి తగిలి అంటుకుని బూడిదే మిగులుతుంది. పాలిస్టర్ కలిసిన టీషర్టు అయితే కరిగి ముద్దవుతుంది.

అపోహ: కర్ర మథించి నిప్పు తీయాలంటే కండబలం ఉండాలి

బో డ్రిల్ (విల్లు తాడుతో పుల్లని తిప్పి, గాటు పెట్టిన చెక్క మీద మథించే పరికరం) దగ్గర జిమ్ కుర్రాళ్ళే ముందు చేతులెత్తేస్తారు. మొదటి నిమిషంలోనే బలమంతా పెట్టేస్తారు, తాడు జారిపోతుంది, పుల్ల ఎగిరిపోతుంది. కర్ర ఎంపికే ముఖ్యం: బాగా ఎండి, జిగురు లేకుండా, గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి. తర్వాత గాటులో చేరే పొడిని చూడండి. లేత గోధుమ రంగులో గరుకుగా ఉంటే వేడి చాలడం లేదని అర్థం. కాఫీ పొడిలా ముదురు రంగులో మెత్తగా రాలుతుంటే వేగం పెంచండి. ఆపేశాక కూడా ఆ పొడి కుప్పలోంచి సొంతంగా పొగ లేస్తుంటే నిప్పు పడినట్టే, కంగారుపడి ఊదకండి, కాసేపు దాని మానాన దాన్ని వదిలేయండి.

యజ్ఞాల్లో ఇప్పటికీ అరణి మథించే తీరు గమనించారా? ఒకరు పైనుంచి నొక్కి పట్టుకుంటారు, ఇంకొకరు తాడు లాగుతారు. దీన్ని ఒక్కడే చేసి చూపించాలన్న పట్టుదల వీడియోల వాళ్ళది.

అపోహ: పాతకాలం వాళ్ళు ఉత్తచేతులతో అడవికెళ్ళి బతికేవాళ్ళు

నాకు చిరాకు తెప్పించేది ఇదే. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, సుమారు 5,300 ఏళ్ళ నాటి మనిషి ఓట్జీ దగ్గర రాగి గొడ్డలి, చెకుముకి కత్తి, మంట అంటించడానికి చెట్టు మాను మీద పెరిగే పుట్టగొడుగు, చివరికి బిర్చ్ బెరడు డబ్బాలో మేపుల్ ఆకుల్లో చుట్టిన బొగ్గు ముక్కలు కూడా ఉన్నాయి. అంటే వెళ్ళే చోటికి నిప్పు కూడా మోసుకెళ్ళే ఏర్పాటన్నమాట. 1804లో అమెరికా పడమటి అడవులకు బయల్దేరిన లూయిస్, క్లార్క్ అన్వేషక బృందం కూడా చెకుముకి సరంజామా కొనుక్కునే బయల్దేరింది. మన ఊళ్ళలో అయితే రాత్రి పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పి పడుకునేవాళ్ళు, పొద్దున్నే అది ఆరిపోయి ఉంటే పక్కింటి నుంచి పిడక మీద నిప్పు తెచ్చుకునేవాళ్ళు. ఉన్న నిప్పుని కాపాడుకోవడం తెలిసినవాళ్ళకి రోజూ కొత్తగా పుట్టించే ఖర్మేంటి?

అపోహ: దారి తప్పితే ముందు తిండి వెతుక్కోవాలి

తిండి లేకుండా మనిషి వారాల తరబడి ఉండగలడు. ముందు చలి, వాన, ఎండ నుంచి రక్షణ, ఆ తర్వాత నీళ్ళు. రాత్రి చలికి పైన కప్పేదాని కంటే కింద పరిచేదే ముఖ్యం, నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది. చేత్తో అదిమినా నాలుగు వేళ్ళ మందం తగ్గని ఎండుగడ్డి పరవండి. తెలియని కాయ జోలికి మాత్రం పోకండి, పక్షి తిన్నది కదా అని అస్సలు తినకండి.

అపోహ: ఇదంతా నేర్చుకోవాలంటే నల్లమల వెళ్ళాల్సిందే

రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా మంట పెట్టడం నేరం, అమ్రాబాద్ లాంటి టైగర్ రిజర్వ్ సంగతి చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో ఒక్క రవ్వకి కొండంతా తగలబడుతుంది. సొంత పొలమో, తెలిసినవాళ్ళ తోటో చాలు. నీళ్ళ బిందె పక్కన పెట్టుకోండి, ఆర్పాక బూడిదని కలియబెట్టి చేత్తో తాకి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకో చెంబెడు పోయండి. అసలు మంటతోనే మొదలుపెట్టాలని రూలేం లేదు, గోగునార రెండు పాయలు తీసుకుని బాల్కనీలో కూర్చుని పేనండి, బో డ్రిల్‌కి తాడు ఎలాగూ కావాలి.