ఆమ్లం తినగా మిగిలిన మట్టి

ఇసుకలో కొంత తగ్గించి లాటరైట్ మట్టి కలిపిన కాంక్రీట్ యాసిడ్‌కి తట్టుకుంటుందా అని ఒక విద్యార్థి అడిగారు. నాకు ముందుగా ఆ మట్టి పుట్టుకే గుర్తొచ్చింది.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల వాన నీటి పీహెచ్ సుమారు 5.6 ఉంటుంది. అంటే అది చాలా పలుచని ఆమ్లం. వేడీ తేమా ఉన్న ప్రాంతాల్లో ఆ నీరు యుగాల తరబడి రాళ్లలోకి ఇంకుతూ కాల్షియం, మెగ్నీషియం, సోడియంలను, చాలావరకు సిలికాను కూడా కడిగేసింది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు, కొంత బంకమన్ను మాత్రం మిగిలాయి. ఆమ్లం తినగలిగినదంతా తినేశాక మిగిలిందే లాటరైట్!

మరి అది కలిపితే కాంక్రీట్‌కి ఆమ్లాన్ని తట్టుకునే బలం రావాలి కదా? రాదు. వాన ఏ కాల్షియంను కడిగేసిందో, సిమెంటు జిగురుకు ప్రాణం ఆ కాల్షియమే. ఆమ్లం నేరుగా దాని మీదే పడుతుంది.

ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయని బడిలో చెప్పి ఆపేస్తాం. ఆ లవణం కరుగుతుందా లేదా అన్నది కూడా చెప్పాలి, కథంతా అక్కడే ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వచ్చే కాల్షియం క్లోరైడ్ నీళ్లలో కరిగి బయటికి పోతుంది, వెనక ఖాళీలు మిగులుతాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో జిప్సం, అంటే నీటిని పట్టుకున్న కాల్షియం సల్ఫేట్, వస్తుంది. అది పెద్దగా కరగదు, పైగా తను పుట్టిన సిమెంటులోని సున్నం కంటే రెట్టింపుకు మించిన చోటు అడుగుతుంది. మొదట రంధ్రాలు నిండి క్యూబ్ (పరీక్ష కోసం పోసిన కాంక్రీట్ దిమ్మ) బరువు కాస్త పెరగొచ్చు. అది చూసి బాగుందనుకోకూడదు. తర్వాత పైపొర ఉబ్బి, మెత్తబడి, వేలితో గీకితే తెల్లని ముద్దలా ఊడొస్తుంది.

లాటరైట్ చేసే చెరుపు ఇంకో దారిలో ఉంది. అందులోని సన్నని బంకమన్ను నీళ్లు తాగుతుంది. కలపడం కష్టమై ఇంకాస్త నీరు పోస్తాం. సిమెంటుకు అక్కర్లేని ఆ నీరు ఆరిపోయాక సన్నని రంధ్రాలు మిగులుతాయి, ఆమ్లం వాటిగుండా లోపలికి దిగుతుంది. అందుకే మట్టి పాలు తక్కువగా ఉంచి, నీరు పెంచకుండా ప్లాస్టిసైజర్‌తో (తక్కువ నీటితోనే కాంక్రీట్‌ను జారుగా చేసే రసాయనం) కలిపి చూడాలి.

ఆ విద్యార్థికి నేను చెప్పింది ఒకటే: క్యూబ్ బలం కొలిచాక ముక్కలు పారేయొద్దు. అప్పుడే పగిలిన ముఖం మీద ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే రంగు మారే సూచిక ద్రావణం) చల్లండి. సున్నం ఇంకా ఉన్న లోపలి భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది, ఆమ్లం తినేసిన అంచుకి ఆ రంగు రాదు. ఆ అంచు ఎన్ని మిల్లీమీటర్లుందో స్కేలు పెట్టి కొలవండి, మామూలు ఇసుక క్యూబ్‌ పక్కన పెట్టి చూడండి.