రాలిన జుట్టు కంటే ముందు పాపిట చూడండి

చర్మవైద్యురాలిగా నా దగ్గరికి జుట్టు సమస్యతో వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఒక పొట్లం ఉంటుంది. వారం రోజుల్లో రాలినదంతా ఉండ చుట్టి, పేపర్లో కట్టి తెస్తారు. "చూడండి మేడమ్, కుదుళ్లతో సహా ఊడిపోతోంది, ఇక మళ్లీ మొలవదు కదా?" అని అడుగుతారు.

నేను అందులోంచి నాలుగు వెంట్రుకలు తీసి తెల్లకాగితం మీద పరుస్తాను. ఒక చివర ఇసుక రేణువంత తెల్లటి బుడిపె కనిపిస్తే అది కాలం తీరి రాలిన వెంట్రుక. ఆ బుడిపె కుదురు కాదు. కుదురు చర్మం లోపలే ఉంది, కొత్త వెంట్రుకకు సిద్ధమవుతూ ఉంటుంది. రెండు చివరలా బుడిపె లేదంటే అది మధ్యలో తెగిన జుట్టు. బోరు నీళ్లనీ, స్ట్రెయిటెనింగ్‌నీ, తడి తల దువ్వడాన్నీ అప్పుడు అనుమానించాలి. ఉప్పునీళ్లకు జుట్టు బిరుసెక్కి తెగుతుందే గానీ బట్టతల రాదు.

అపోహ: దువ్వెన నిండా వెంట్రుకలుంటే బట్టతల మొదలైనట్టే.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. వారానికి రెండుసార్లు తలంటుకునేవాళ్లకు మూడు నాలుగు రోజులవి ఒక్కసారే చేతికొస్తాయి, దాంతో గుండె గుభేలుమంటుంది. అసలు బట్టతల చాలామందిలో చప్పుడు లేకుండా వస్తుంది. వెంట్రుక రాలిన చోట మళ్లీ మొలుస్తుంది, కాకపోతే ముందుకంటే సన్నగా, పొట్టిగా. ఆ తర్వాత మొలిచేది ఇంకా సన్నం. అందుకే నేను పొట్లాన్ని పక్కనపెట్టి పాపిట చూస్తాను. ఆడవాళ్లలో నడినెత్తిన పాపిట వెడల్పవుతుంది, తల వెనక మాత్రం జుట్టు ఒత్తుగానే ఉంటుంది. రెండు చుట్లతో ఆగే రబ్బరు బ్యాండు మూడు చుట్లు తిరుగుతుంది. మగవాళ్లకు నుదుటి మూలలు లోపలికి జరుగుతాయి, మాడు పల్చబడుతుంది. నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో పాపిట ఫోటో తీసుకోండి. అద్దం రోజూ చూసే కంటికి తెలియనిది ఆ ఫోటోల్లో తెలుస్తుంది.

అపోహ: షాంపూ మార్చాను, అప్పటినుంచే రాలుతోంది.

ఒకమ్మాయి మూడు షాంపూలు మార్చి, విసిగిపోయి వచ్చింది. మూడు నెలల కింద ఒంట్లో ఏమైనా బాగాలేదా అని అడిగితే "ఏం లేదు మేడమ్" అంది. పక్కనున్న వాళ్లమ్మ వెంటనే, "అదేంటే, దసరాకి డెంగీ వచ్చి వారం రోజులు ఆస్పత్రిలో లేవూ?" అంది. జవాబు అక్కడే దొరికింది. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్, కాన్పు, పెద్ద ఆపరేషన్, అన్నం మానేసి బరువు తగ్గడం లాంటివి జరిగితే ఒంటికి దెబ్బ తగిలినట్టే. ఆ దెబ్బకు చాలా వెంట్రుకలు ఒకేసారి పెరగడం ఆపి విశ్రాంతి దశలోకి పోతాయి, రెండు మూడు నెలలకు గుత్తులు గుత్తులుగా రాలతాయి. అప్పటికి జ్వరం సంగతి అందరూ మర్చిపోతారు, నింద షాంపూ మీద పడుతుంది. కారణం తొలగితే సాధారణంగా ఆరు నెలల్లో ఈ రాలడం దానంతటదే సర్దుకుంటుంది. అలా ఆగకపోతే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయిస్తాం.

అపోహ: పేనుకొరుకుడు అంటే పురుగు కొరికింది.

పేరే తప్పుదోవ పట్టించింది. పేనూ కొరకదు, పురుగూ కొరకదు. మన రోగనిరోధక వ్యవస్థే కుదుళ్లను శత్రువులనుకుని వాటి మీద పడుతుంది, రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోతుంది. ఒకటి రెండు మచ్చలే ఉంటే చాలామందికి ఏడాదిలోపు మందు లేకుండానే వస్తుంది. అందుకే గురివింద గింజ అరగదీసి పూసినవాళ్లూ, ఉమ్మెత్తాకు రుద్దినవాళ్లూ "మాకు తగ్గింది" అంటారు. ఆ పూతలకు బొబ్బలెక్కి, పుండ్లతో వచ్చినవాళ్లను నేను చూశాను. గురివింద మామూలు గింజ కాదు, విషం. త్వరగా తగ్గాలంటే ఆ మచ్చలో చిన్న స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తాం. పిల్లల తలలో మచ్చ మీద పొట్టు లేస్తూ, దురదపెడుతూ, వెంట్రుకలు మొదళ్ల దగ్గరే విరిగి ఉంటే మాత్రం అది తామర కావచ్చు. దానికి పైపూత చాలదు, మాత్రలు వాడాల్సిందే.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న నమ్మకానికి ఒకటే మాట. కత్తి చర్మం పైనే నడుస్తుంది, కుదురు లోపల ఉంటుంది. కోసిన వెంట్రుక మొన మొద్దుబారి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. మొక్కుంటే తిరుమల వెళ్లి ఇచ్చి రండి, జుట్టు కోసమైతే వద్దు. బట్టతల మేనమామ పోలికే అన్నదీ సగమే నిజం. అది నాన్న వైపు నుంచీ వస్తుంది.

అపోహ: తలకు రాసే మినాక్సిడిల్ మందు మొదలుపెడితే ఉన్న జుట్టూ పోతుంది.

ఇది మొదట బీపీ మాత్ర. వాడినవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు రావడంతో డాక్టర్ల కళ్లు దీని మీద పడ్డాయి. 1988లో అమెరికాలో తలకు రాసే మందుగా అనుమతి వచ్చింది. మొదటి వారాల్లో రాలడం పెరిగే మాట నిజమే. విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకలు కొత్తవాటికి దారి ఇస్తాయి. భయపడి నెలకే మానేస్తే డబ్బు దండగ, ఫలితం తెలియడానికి కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆపితే వచ్చిన లాభమూ మెల్లగా పోతుందని ముందే చెబుతాను. గర్భంతో ఉన్నవాళ్లూ, పాలిచ్చే తల్లులూ దీన్ని సొంతంగా వాడకూడదు.

బయోటిన్ అనే బి విటమిన్ మాత్రలు ఇప్పుడు పిప్పరమెంట్లయిపోయాయి. లోపం లేనివాళ్లకు వీటితో జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్ష తప్పుగా రావచ్చు. రక్తం ఇచ్చేముందు ఆ సంగతి చెప్పండి.

ఇవన్నీ వారం, పది రోజులు ఆగినా పర్వాలేదు. ఆగకూడనిది ఒకటుంది. ఊడిన చోట చర్మం మెరుస్తూ, వెంట్రుక రంధ్రాలు కూడా కనిపించకుండా పోతూ, మంటగానో నొప్పిగానో ఉంటే కుదుళ్లు మచ్చకట్టి చచ్చిపోతున్నట్టు. అక్కడ జుట్టు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవడమే. వెంటనే రండి.

వచ్చే ముందు రోజు తలంటుకోకండి, నూనె పెట్టకండి. యాభై అరవై వెంట్రుకలు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూస్తాను, ఆరుకు మించి చేతికొస్తే లెక్కలోకి తీసుకుంటాను. తలంటుకుని వస్తే ఆ లెక్క తప్పుతుంది. పొట్లం తెచ్చినా ఏమీ అనను గానీ, రెండేళ్ల కిందటి పెళ్లి ఫోటో ఒకటి ఫోన్లో ఉంచుకోండి.