మెంటల్లీ అంటే పిచ్చి అని కాదు

బెంగళూరు మారతహళ్లిలో, ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతుంటాను. కర్నూలు, అనంతపురం, ఖమ్మం వైపు నుంచి వచ్చి పీజీల్లో ఉండేవాళ్లే ఎక్కువ. నోరు తిరగని మాటలంటే ఎవరికైనా భయమే. నోరు తిరిగినా వీళ్లు జంకే మాట ఒకటుంది, మెంటల్లీ.

అపోహ: ఆ మాట వచ్చిందంటే పిచ్చి గురించే.

ఈమధ్య మాక్ ఇంటర్వ్యూలో ఒకమ్మాయిని పాత ఉద్యోగం ఎందుకు మానేశావని అడిగాను. "బాడీ వీక్ అయింది మేడమ్" అంది. తర్వాత విడిగా కూర్చోబెట్టి అడిగితే, ఏడాదిగా నైట్ షిఫ్టులేనని, చివరికి బుర్ర మొద్దుబారిపోయిందని చెప్పింది. మరి మెంటల్లీ ఎగ్జాస్టెడ్ అనొచ్చుగా అంటే, "అమ్మో, మెంటల్ అనుకుంటారు మేడమ్!" అంది. మన ఊళ్లలో "వాడో మెంటల్" అన్నది తిట్టు మరి. జబ్బుపడ్డ మనుషుల పేరు తిట్టుగా మారడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

వాస్తవం: మెంటల్లీ అంటే మనసులో, మనసుపరంగా. అంతే. మంచీ చెడూ దాని పక్కన చేరే మాటలో ఉంటాయి. మెంటల్లీ స్ట్రాంగ్ అంటే గుండె దిటవు ఉన్నవాళ్లు. మెంటల్లీ ప్రిపేర్డ్ అంటే మనసును సిద్ధం చేసుకున్నవాళ్లు. మెంటల్లీ ఇల్ అంటే మానసిక జబ్బు ఉన్నవాళ్లు, జ్వరం వచ్చినవాళ్లలాగే వైద్యం కావలసినవాళ్లు. ఇక్కడే హోసూరు రోడ్డులో, 1974లో ఏర్పడిన మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ పూర్తి పేరులోనూ మెంటల్ హెల్త్ అన్న మాటే ఉంది.

ఇంకో వాడుక మనవాళ్లు దాదాపు మరిచేపోతారు. మడివాళ మార్కెట్లో కూరలమ్మే ఆవిడ అరకిలో బీన్స్, కిలో టమాటా, రెండు కట్టల కొత్తిమీర సంచిలో వేస్తూ, పెదాలు మాత్రం కదిపి మొత్తం ఎంతో చెప్పేస్తుంది. కాగితం లేదు, ఫోను లేదు. షీ యాడెడ్ ఇట్ అప్ మెంటల్లీ. బళ్లో నోటిలెక్క అనేవాళ్లం చూడండి, అదే.

అపోహ: మెంటల్ అన్నా మెంటల్లీ అన్నా ఒకటే.

మెంటల్ నామవాచకం ముందు వస్తుంది, మెంటల్లీ విశేషణాన్నో క్రియనో అంటిపెట్టుకుంటుంది. మెంటల్ హెల్త్, మెంటల్లీ హెల్దీ. "ఐ యామ్ మెంటల్ స్ట్రాంగ్" తప్పు. రాసేటప్పుడు రెండు ఎల్‌లు పడాలి.

అపోహ: మనకు ఏ సంబంధమూ లేని పరాయి మాట.

ఇది చెప్పే రోజు నాకు క్లాసుకు వెళ్లాలని ఉంటుంది. మెంటల్‌కు మూలం లాటిన్‌లో మనసును చెప్పే మెన్స్. అదీ, సంస్కృతం నుంచి మనకొచ్చిన మనసు, మతి అన్న మాటలూ ఒకే ధాతువు బిడ్డలు. చివరనున్న లీ మాత్రం పాత ఇంగ్లీషులో ఒంటికి వాడిన లిక్ అన్న మాట నుంచి వచ్చింది. అంటే ఈ ఒక్క మాటలో మనసూ ఉంది, ఒళ్లూ ఉంది.

బోర్డు మీద ఇదంతా రాస్తుంటే, ఆ అమ్మాయి నోట్‌బుక్కులో మనసు అని రాసి, దాని పక్కన మెంటల్లీ అని ఇంగ్లీషులో రాసుకుంది. ఒక్క ఎల్ రాసి, ఆగి, రెండోది పైన ఇరికించింది.