బసవపురాణం, పాల్కురికి సోమనాథుడు: అపోహలు - వాస్తవాలు

ప్రాచీన కావ్యాలు పాఠం చెప్పేవారికి, పాల్కురికి సోమనాథుడు వీరశైవ భక్తుడు బసవేశ్వరుణ్ని నాయకుడిగా పెట్టి రాసిన బసవపురాణం దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది. విద్యార్థులు పుస్తకం తెరవకముందే దాని మీద ఒక అభిప్రాయంతో వస్తారు. అది తేలిక ఛందస్సులో రాసిన శైవమత ప్రచారమని, నన్నయ, తిక్కనల సరసన నిలిచే కవిత్వం కాదని ఎవరో చెప్పి ఉంటారు. తరచుగా వినిపించే ఇలాంటి మాటలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

అపోహ: బసవపురాణం నడిచిన ద్విపద, అంటే రెండేసి పాదాలుగా సాగే ఛందస్సు, చేతగానివారిది. పద్యం రాయలేక సోమనాథుడు దాన్ని పట్టుకొన్నాడు.

వాస్తవం: ఈ చిన్నచూపు ఈనాటిది కాదు. పిడుపర్తి సోమనాథుడనే మరో కవి తరువాతి కాలంలో బసవపురాణాన్ని పద్యకావ్యంగా రచించి, అందులో ఒక కథ చెప్పాడు. ఓరుగల్లు శివాలయంలో భక్తులు బసవపురాణం వింటున్నప్పుడు కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు అక్కడికి వచ్చి అదేమిటని అడిగితే, పక్కనున్న పండితుడొకడు అది పాల్కురికి సోముడు ఈమధ్య అల్లిన ద్విపద అని, ప్రమాణం కాదని తీసిపారేశాడట. ఈ కథ చారిత్రకంగా ఎంత నిజమన్నది వేరే ప్రశ్న. పండితులకు ద్విపద మీద ఉన్న చులకన భావానికి మాత్రం ఇది నికార్సయిన సాక్ష్యం.

సోమనాథుడు ఈ ఛందస్సును తెలిసి ఎంచుకొన్నాడు, ఎందుకు ఎంచుకొన్నాడో తానే చెప్పాడు. పెద్ద పెద్ద గద్యపద్యాల కంటే సరసమైన జానుతెనుగు, అంటే తేటతెలుగు, అందరికీ అందుతుంది కాబట్టి ద్విపదలు కూరుస్తానన్నాడు:

ఉరుతర గద్యపద్యోక్తులకంటె
సరసమై పరగిన జానుదెనుంగు
చర్చింపగా సర్వసామాన్యమగుట
గూర్చెద ద్విపదలు కోర్కి దైవార

మొదటి రెండు పాదాలను విడదీసి చూడండి. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉండాలి (గణమంటే లఘుగురువుల కూర్పు). రెండో పాదంలో ‘సరసమై’ నగం, ‘పరగిన’ నలం, ‘జానుదె’ భగణం, ఈ మూడూ ఇంద్రగణాలు; ‘నుంగు’ హగణం, అది సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరమైన ‘జా’తో పాదారంభంలోని ‘స’కు యతి కుదిరింది. రెండు పాదాలకూ ‘ర’కారం ప్రాస. ఇన్ని నియమాల మధ్య కూడా మాట ఎక్కడా మెలిక పడలేదు, అన్వయం కోసం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఇలా ఏడు ఆశ్వాసాల పొడవునా నడిపించడం చేతగానివాడు చేసే పని కాదు. ద్విపదను కళ్లతో చదివి నచ్చలేదనేవారికి నేను చెప్పేది ఒక్కటే: గొంతెత్తి ఒక యాభై పాదాలు చదవండి. ఇది పదిమంది కూర్చొని పాడుకోవడానికి, వినడానికి పుట్టిన కావ్యం.

అపోహ: కవికి తెలుగు తప్ప మరొకటి రాదు, అందుకే అంత సులువుగా రాశాడు.

వాస్తవం: అతని వృషాధిప శతకంలో సంస్కృతంతో పాటు తమిళ, కన్నడ, మరాఠీ భాషల్లో కూర్చిన పద్యాలున్నాయి. సోమనాథభాష్యం సంస్కృత రచన. కన్నడంలో రగడలు అనే లయప్రధానమైన రచనలు కూడా చేశాడు.

అపోహ: బసవపురాణం కన్నడ మూలానికి తెలుగు అనువాదం.

వాస్తవం: కథానాయకుడు కన్నడ దేశంవాడు కాబట్టి ఈ ఊహ పుట్టింది. జరిగింది దీనికి తలకిందులు. సోమనాథుడి తెలుగు కావ్యాన్ని ఆధారం చేసుకొని కన్నడ కవి భీమకవి 1369లో కన్నడ బసవపురాణాన్ని పూర్తిచేశాడు. సోమనాథుడు బసవని కథను, భక్తుల కథలను భక్తుల నోటనే విని కూర్చుకొన్నాడు. సంస్కృతేతిహాసాన్ని తెలిగించడమే పెద్దపనిగా ఉన్న కాలంలో, తన కాలానికి దగ్గరలో జీవించిన ఒక మనిషిని నాయకుడిగా పెట్టి పురాణం రాయడం సాహసమే.

అపోహ: ఇది బసవేశ్వరుడి జీవితచరిత్ర.

వాస్తవం: సగమే నిజం. బాగేవాడి అగ్రహారంలో మాదిరాజు, మాదాంబలకు పుట్టడం, ఉపనయనం వద్దనడం, కల్యాణ పట్టణంలో కలచురి వంశపు రాజు బిజ్జలుని కొలువులో దండనాయకుడు కావడం, చివరికి కూడలి సంగమంలో లింగైక్యం పొందడం (శివుడిలో కలిసిపోవడం), ఇవన్నీ కావ్యానికి వెన్నెముక. దాని చుట్టూ అల్లుకొన్న భక్తుల కథలే ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. కన్నప్ప, సిరియాళుడు నాయనార్లనే తమిళ శివభక్తుల నుంచి వచ్చారు. మడివాలు మాచయ్య బట్టలుతికేవాడు.

నన్ను ఎక్కువగా కట్టిపడేసేవి ముగ్ధభక్తుల, అంటే పసిమనసుతో శివుణ్ని నమ్మిన అమాయక భక్తుల, కథలు. శివుడు విషం తాగాడని పురాణంలో విన్న రుద్రపశుపతి గుండె బద్దలవుతుంది. విషం తాగినవాడు బతుకుతాడా? ఉమ్మేయమని శివుణ్నే వేడుకొంటాడు, ఒప్పుకోకపోతే తాను చస్తానంటాడు. శివుడు ప్రత్యక్షమై ఎంత నచ్చజెప్పినా నమ్మడు. ఆఖరికి శివుడు అతణ్ని తన తొడమీద కూర్చోబెట్టుకొని, విషం కిందికి దిగుతుందేమో నువ్వే కనిపెట్టి చూడమంటాడు. బెజ్జమహాదేవిది మరో బెంగ. శివుడికి తల్లి లేదు! ‘తల్లి గల్గిన నేల తపసి గానిచ్చు’ అని మొదలుపెట్టి, తల్లే ఉంటే ఆ జడలు కట్టనిచ్చేదా, విషం తాగనిచ్చేదా అని వాపోయి, తానే అమ్మయి లింగానికి పసిబిడ్డకు చేసినట్టు ఉపచారాలన్నీ చేస్తుంది. వేదాంతమేమీ చెప్పకుండానే దేవుడితో ఇంత చనువును మనకు అలవాటు చేసిన కావ్యం తెలుగులో అంతకుముందు లేదని నా నమ్మకం.

అపోహ: సోమనాథుడి ఊరు, కులం, కాలం అన్నీ తేలిపోయాయి.

వాస్తవం: ఊరి విషయంలో సందేహం తక్కువ. కర్ణాటకలోని హాల్కురికె అన్న వాదం ఒకటున్నా, జనగామ జిల్లా పాలకుర్తే పాల్కురికి అని ఎక్కువమంది పండితులు అంగీకరించారు. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర ఆ మండలంలోనిదే. కులం గురించి ఈనాటికీ వాదులాడుకొనేవారు అనుభవసారం అనే తన మరో రచనలో కవి చెప్పుకొన్న పరిచయాన్ని చదవాలి. తాను భృంగిరిటి గోత్రుడినని, గురులింగ తనూజుడినని, శివకులీనుడినని అన్నాడు. పుట్టుకతో వచ్చే గుర్తింపును కావాలనే పక్కన పెట్టి, గురువునే తండ్రిగా చెప్పుకొన్నవాడికి మనం కులం వెతకడం అతని మాటను అగౌరవపరచడమే. కాలం మాత్రం వివాదమే. పిడుపర్తి కవి చెప్పిన ప్రతాపరుద్రుడు 1158-1195 మధ్య ఏలిన కాకతి రుద్రదేవుడా, 1289-1323 మధ్య ఏలిన చివరి కాకతీయుడా అన్న దాన్ని బట్టి కవి కాలం నూరేళ్లకు పైగా అటూ ఇటూ జరుగుతుంది.

అపోహ: ఇది అందరినీ సమానంగా చూసే కావ్యం, ఇందులో ద్వేషం లేదు.

వాస్తవం: అభిమానం కొద్దీ ఈ మాట అనేవారున్నారు. శివభక్తుల మధ్య కులభేదం లేదన్న పట్టుదల ఈ కావ్యానికి ప్రాణం, అందులో సందేహం లేదు. అయితే పరమతాల పట్ల, ముఖ్యంగా జైనుల పట్ల, సోమనాథుడు కఠినంగా ఉంటాడు. జైనులతో పందెం కట్టి తన తల కోసుకొని శివుడి దయతో మళ్లీ పొందిన ఏకాంత రామయ్య కథను అతడు ఉత్సాహంగా చెబుతాడు. అది కేవలం కల్పన కూడా కాదు. రామయ్యకు, జైనులకు జరిగిన ఘర్షణ ప్రస్తావన కర్ణాటకలోని అబ్బలూరు శాసనంలో కనబడుతుంది. పాఠం చెప్పేటప్పుడు ఈ భాగాలను దాటవేయడం నాకు సమ్మతం కాదు. మతాలు రాజాశ్రయం కోసం, ఆలయాల కోసం పెనుగులాడిన కాలంలో ఒక పక్షాన నిలబడిన కవి రాసిన కావ్యమిది. బెజ్జమహాదేవిని సృష్టించిన చెయ్యే ఏకాంత రామయ్య కథనూ రాసిందని విద్యార్థికి తెలియాలి, రెండు కథలూ ఒకే వారంలో చదివించాలి.