బ్యాక్టీరియా ఒంటి మీది ప్రొటీన్లు: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఈ ప్రొటీన్ బ్యాక్టీరియాకి ఎలా అంటుకుంటుంది?" ల్యాబ్‌లో చేరిన ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. 'అంటుకోవడం' అన్న మాట దగ్గరే తికమక మొదలవుతుంది. నేను పని చేసేది స్టెఫిలోకాకస్ ఆరియస్ మీద. సెగ్గడ్డల దగ్గర్నుంచి ప్రాణాంతకమైన రక్త ఇన్ఫెక్షన్ల దాకా తెచ్చిపెట్టే బ్యాక్టీరియా ఇది. మేమంతా స్టాఫ్ అంటాం. ఉదాహరణలన్నీ దాదాపు దాని నుంచే.

అపోహ: గోడ మీద పోస్టర్‌లా అతుక్కుని ఉంటుంది, గట్టిగా కడిగితే ఊడొస్తుంది.

వాస్తవం: అలా వదులుగా ఉండేవీ ఉన్నాయి, వాటి సంగతి కింద చెప్తాను. స్టాఫ్ మీద ఉండే 'ప్రొటీన్ ఏ' (Protein A) అనేది మాత్రం ఆ రకం కాదు. మన యాంటీబాడీలను తోక వైపు నుంచి పట్టుకుని, వాటిని పనికిరాకుండా చేసేది ఇదే. స్టాఫ్ కణాలను ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో వేసి బాగా మరిగించి, ప్రొటీన్లను సైజుల వారీగా గీతలుగా (బ్యాండ్లుగా) విడదీసే జెల్ మీద నడిపించండి, 'ప్రొటీన్ ఏ' ఉండాల్సిన చోటు దాదాపు ఖాళీ. అవే కణాలకు ముందు లైసోస్టాఫిన్ అనే ఎంజైమ్ ఇచ్చి చూడండి, బ్యాండ్ స్పష్టంగా కనిపిస్తుంది. లైసోస్టాఫిన్ తెంపేది కణ గోడలోని గ్లైసిన్ వంతెనలను. గోడను తెంపితే తప్ప ప్రొటీన్ బయటికి రాలేదంటే, అది రసాయన బంధంతో గోడలో కలిసిపోయిందన్నమాట.

లైసోస్టాఫిన్‌కి బదులు మ్యుటనోలైసిన్ వాడితే ఇంకో తమాషా. ఇది గోడలోని చక్కెర గొలుసులను తెంపుతుంది. అప్పుడు బ్యాండ్ ఒకటే రాదు, నిచ్చెన మెట్లలా వరసగా చాలా వస్తాయి. ప్రొటీన్ ఒకటే, దాని చివర వేలాడుతున్న గోడ ముక్కల సైజులే వేరు. మొదటిసారి చూసినప్పుడు శాంపిల్ పాడైందనుకుని పారబోయబోయాను.

అపోహ: ప్రొటీన్ తోక కణ పొరలో దిగబడి ఉంటుంది, అదే దాన్ని పట్టి ఉంచుతుంది.

వాస్తవం: ఒకప్పుడు ఈ రంగంలో ఉన్నవాళ్లూ ఇలాగే అనుకున్నారు. తోకను చూస్తే అనుకోక తప్పదు కూడా. దాని మొదట్లో అయిదు అమైనో ఆమ్లాలు: ల్యూసిన్, ప్రోలిన్, ఏదో ఒక అమైనో ఆమ్లం, థ్రియోనిన్, గ్లైసిన్. ఈ వరసనే ఎల్‌పీఎక్స్‌టీజీ అంటాం. దాని వెనక నీరంటే గిట్టని ఒక పట్టీ, చిట్టచివర ధనావేశం ఉన్న కొన్ని అమైనో ఆమ్లాలు. తోక పొరలో దిగబడే మాట నిజమే, కానీ కాసేపే. టైలర్ కుట్టేముందు బట్టకు గుండుసూదులు గుచ్చి, కుట్టు పడ్డాక తీసేస్తాడు చూడండి, తోక పనీ అంతే.

కుట్టేది సార్టేజ్ ఏ అనే ఎంజైమ్. ఒలాఫ్ ష్నీవిండ్ బృందం 1999లో దీన్ని బయటపెట్టింది. 206 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. ఇది థ్రియోనిన్‌కీ గ్లైసిన్‌కీ మధ్య కోసి, కోసిన కొసను వదలకుండా తన 184వ స్థానంలోని సిస్టీన్‌తో పట్టుకుంటుంది. గోడకు ఇటుకలాంటి లిపిడ్ 2 అనే అణువు మీద అయిదు గ్లైసిన్ల కొమ్మ ఉంటుంది. ఆ కొమ్మ చివరి గ్లైసిన్‌కి థ్రియోనిన్‌ని కలిపేస్తుంది. తర్వాత ఇటుకతో పాటే ప్రొటీన్ కూడా గోడలోకి వెళ్లిపోతుంది. అంటే కట్టేసిన గోడకు తగిలించడం కాదు, ఇటుకకు ముందే బిగించి పేర్చడం.

అపోహ: ఎల్‌పీఎక్స్‌టీజీ కనిపిస్తే చాలు, అది కణం మీదికి చేరే ప్రొటీనే.

వాస్తవం: కాదు. కణం దాటి బయటికి రావడానికి ప్రొటీన్ మొదటి కొసన సిగ్నల్ పెప్టైడ్ అనే 'బయటికి పంపు' గుర్తు ఉండాలి, వెనక పైన చెప్పిన తోక మొత్తం ఉండాలి. సీక్వెన్స్‌లో అయిదక్షరాలు వెతికి సంబరపడొద్దు.

అపోహ: సార్టేజ్ ఒక కత్తెర. ట్యూబులో వేసి రాత్రంతా వదిలేస్తే పని పూర్తి.

వాస్తవం: ప్రొటీన్లకు రంగో మరోటో తగిలించడానికి సార్టేజ్‌ని ఇప్పుడు చాలా ల్యాబులు వాడుతున్నాయి కాబట్టి దీని మీద కాస్త ఎక్కువే చెప్తాను. ఈ చర్య రెండు వైపులా నడుస్తుంది. కలిపిన చోట మళ్లీ అదే ఎల్‌పీఎక్స్‌టీజీ తయారవుతుంది, సార్టేజ్ దాన్నీ కోస్తుంది. అందుకే కలపాల్సిన (రంగు మోసే) గ్లైసిన్ ముక్కను బాగా ఎక్కువ మోతాదులో వేస్తాం. ఎక్కువసేపు ఉంచితే నీరే గ్లైసిన్ స్థానంలోకి దూరి, కొస ఎందుకూ పనికిరాకుండా మిగిలిపోతుంది. స్టాఫ్ సార్టేజ్‌కి కాల్షియం కావాలి. అలవాటు కొద్దీ ఫాస్ఫేట్ బఫర్ తీసుకుంటే ట్యూబు అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. ట్రిస్ బఫర్ వాడండి.

ఒకసారి మా స్టూడెంట్ ఏడుపు మొహంతో వచ్చింది. రియాక్షన్ తర్వాత నికెల్ కాలమ్ నడిపితే, కాలమ్ నుంచి దింపిన దాంట్లో రంగు అంటిన ప్రొటీన్ జాడే లేదట. నికెల్‌ని పట్టుకునే హిస్ ట్యాగ్ అనే ముక్కను ఎల్‌పీఎక్స్‌టీజీ తర్వాత పెట్టాం కదా, సార్టేజ్ కోయగానే ట్యాగ్ కూడా పోతుంది. కాలమ్‌కి పట్టుకునేవి సార్టేజ్ (మేం వాడిన దానికీ హిస్ ట్యాగ్ ఉంది), చర్య జరగని ప్రొటీన్ మాత్రమే. మనక్కావలసింది పట్టుకోకుండా జారిపోయిన ద్రవంలో ఉంది. "అదెక్కడుందమ్మా?" అంటే సింక్ వైపు చూసింది.

అపోహ: బ్యాక్టీరియాలన్నీ ఇలాగే చేస్తాయి.

వాస్తవం: ఈ.కోలైకి సార్టేజే లేదు. అందులో 1969లో బ్రౌన్ అనే శాస్త్రవేత్త వర్ణించిన లిపోప్రొటీన్ (కొవ్వు అంటిన ప్రొటీన్) పద్ధతి పూర్తిగా వేరు. ఒక కొసన ఉన్న కొవ్వు బయటి పొరలో నాటుకుంటుంది, రెండో కొసన ఉన్న లైసిన్ గోడకు బంధమేసుకుంటుంది. న్యుమోకాకస్‌లో కొన్ని ప్రొటీన్లు గోడ మీది కోలిన్‌ని పట్టుకుని ఉంటాయి. ఇవే నేను ముందు చెప్పిన వదులు రకం, కోలిన్ ఎక్కువగా ఉన్న ద్రావణంతో కడిగితే ఊడొస్తాయి. డిఫ్తీరియా బ్యాక్టీరియాలోనైతే మరో రకం సార్టేజ్ ప్రొటీన్‌కి ప్రొటీన్‌నే ముడేస్తూ పొడవాటి పోగులు పేనుతుంది.

అపోహ: సార్టేజ్‌ని ఆపితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

వాస్తవం: చావదు. సార్టేజ్ జీన్ తీసేసిన స్టాఫ్ ఫ్లాస్కులో హాయిగా పెరుగుతుంది. ఎలుకల్లో మాత్రం జబ్బు చేసే శక్తి బాగా తగ్గిపోతుంది. దీన్ని ఆపే మందు కోసం వెతుకుతూ మామూలు ఎంఐసీ పరీక్ష (బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో చూసేది) పెట్టి, "ఏం పనిచేయలేదు మేడమ్" అనేవాళ్లను చూశాను. ఆ పరీక్ష చెప్పేది పెరిగిందా లేదా అన్నదే. స్టాఫ్ తన గోడ మీది ప్రొటీన్లతో మన రక్తంలోని ఫైబ్రినోజెన్‌ని పట్టుకుంటుంది కాబట్టి, ఫైబ్రినోజెన్ పూసిన ప్లేటులో మందు ఇచ్చిన కణాలు పోసి, కడిగి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.