అంతా బాగుంది, కూర్చునే చోటే లేదు

1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ అనే థీమ్ పార్కు తెరిచిన రోజు ఎండ మండిపోతోంది. ఆఖరి క్షణం దాకా వేస్తూనే ఉన్న తారు ఇంకా గట్టిపడలేదు. హైహీల్స్‌తో వచ్చిన ఆడవాళ్ళ మడమలు అందులో దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల మరుగుదొడ్లూ తాగునీటి కుళాయిలూ రెండూ గడువులోగా పూర్తయ్యే దారి లేక, ముందు మరుగుదొడ్లు కానిచ్చారు. నీళ్ళ కుళాయిలు చాలాచోట్ల పనిచెయ్యలేదు. దొంగ టికెట్లతో వచ్చినవాళ్ళు కూడా తోడై, అనుకున్నదానికంటే జనం బాగా ఎక్కువయ్యారు. కోట ఉంది, ఆవిరి రైలు ఉంది, అడవి నదిలో పడవ ఉంది. అయినా ఆ రోజు గురించి జనం చెప్పుకున్నది వేడి, దాహం, తోపులాట.

మన దగ్గర తిరనాళ్ళు చేసేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. ప్రభ ఎంత ఎత్తు కట్టారన్నది తర్వాత. ముందు పందిరి వెయ్యాలి, చలివేంద్రం పెట్టాలి.

థీమ్ పార్కులో కొత్త భాగం తెరిచిన ప్రతిసారీ వచ్చినవాళ్ళు ఏమంటున్నారా అని కంపెనీలు చెవులు రిక్కించి వింటాయి. గేటు దగ్గర ట్యాబ్ పట్టుకుని ప్రశ్నలడుగుతారు, ఇంటికెళ్ళాక ఈమెయిల్ పంపుతారు. ఆ జవాబుల్ని ఎలా చదవాలన్నదే అసలు కష్టం. మనిషి నోటితో చెప్పే అభిప్రాయం వేరు, ఒంటికి తెలిసిన అభిప్రాయం వేరు. ఒళ్ళు ముందు తేల్చేస్తుంది. నోరు తర్వాత దానికి కారణాలు వెతుక్కుంటుంది.

ఈ మధ్య మా అమ్మని ఒక పెద్ద పార్కులో కొత్తగా కట్టిన భాగం చూపించడానికి తీసుకెళ్ళాం. పిల్లలు నానమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. గోడల మీద కావాలని వేసిన పగుళ్ళు, తుప్పు మరకల్లా అద్దిన రంగు, రాళ్ళ సందుల్లో నాచు, ఒక్కోటీ చేత్తో తడిమి చూసింది. ‘ఎవరు చేశార్రా ఇంత ఓపిగ్గా!’ అంది. పావుగంట గడిచాక వెనక్కి తిరిగి చూస్తే కనబడలేదు. వెతికితే ఒక పూలమడి గట్టు మీద, జానెడు వెడల్పున్న సిమెంటు అంచు మీద, కొంగు తలమీద కప్పుకుని కూర్చుని ఉంది. ‘ఎలా ఉందమ్మా?’ అన్నాను. ‘అంతా బాగుంది నాన్నా, కూర్చునే చోటే లేదు.’

విలియం వైట్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970లలో చేసిన పని అక్కడికక్కడే గుర్తొచ్చింది. న్యూయార్క్‌లో భవనం ముందు జనం కోసం ఖాళీ జాగా వదిలితే పైన అదనపు అంతస్తులు కట్టుకోనిచ్చే నిబంధన 1961 నుంచి ఉంది. అలా పుట్టిన ప్లాజాల్లో కొన్ని కిటకిటలాడేవి, కొన్ని బోసిపోయి ఉండేవి. ఎందుకని? వైట్ జనాన్ని అడగడం కంటే చూడటాన్నే ఎక్కువ నమ్ముకున్నాడు. పైనుంచి కెమెరాలు పెట్టి, కొద్ది సెకన్లకో బొమ్మ చొప్పున తీసి, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో, ఎంతసేపు ఉంటున్నారో లెక్కపెట్టాడు. ఎండ వల్లేమో అనుకున్నాడు, ఆకారం వల్లేమో అనుకున్నాడు, వైశాల్యమేమో అనుకున్నాడు. ఏదీ సరిగ్గా అతకలేదు. చివరికి తేలింది చాలా మామూలు విషయం: కూర్చోడానికి చోటున్న దగ్గర జనం కూర్చుంటారు. బెంచీయే కానక్కర్లేదు, మెట్టు చాలు, గట్టు చాలు. మన ఇళ్ళ ముందు అరుగు చేసిన పని అదే. ఈ పరిశీలన వల్లే 1975లో న్యూయార్క్ తన నిబంధనలు మార్చి, ప్లాజాల్లో కూర్చునే చోటు తప్పనిసరి చేసింది.

అందుకే పూలమడి గట్టు ఎంత ఎత్తున ఉండాలి, ఎంత వెడల్పుండాలి అన్నది చిన్న ప్రశ్న కాదు. మోకాలెత్తున, మూరెడు వెడల్పున కట్టి ఉంటే అది అరుగు. ఆ వెడల్పు తగ్గిస్తే అదే గోడ. సిమెంటు ఖర్చు పెద్దగా మారదు, మా అమ్మ రోజు మాత్రం మారిపోతుంది.

కూర్చునే చోటు దొరికినా నీడ లేకపోతే అక్కడ నిలవలేం. ఈ నీడ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ మధ్య తెరిచిన పార్కు భాగాల మీద ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు ఇదే. 2019 మే 31న డిస్నీల్యాండ్‌లో స్టార్ వార్స్ సినిమాల లోకాన్ని 14 ఎకరాల్లో కట్టి తెరిచారు. గెలాక్సీస్ ఎడ్జ్ దాని పేరు. అదే ఏడాది ఆగస్టు 29న ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులోనూ తెరిచారు. బటూ అనే ఊహా గ్రహం మీద ఒక పాత వ్యాపార కేంద్రం అది. రాతి శిఖరాలు, గుమ్మటాలు, ఎక్కడికక్కడ ఎగిరొచ్చి వాలినట్టున్న నౌకలు. చూసినవాళ్ళు పనితనాన్ని నోరారా మెచ్చుకున్నారు. ఆ వెంటనే, మరీ ముఖ్యంగా ఫ్లోరిడాలో, ఎండకి తట్టుకోలేకపోతున్నామన్నారు.

ఎండలో నిలబడ్డ మనిషికి థర్మామీటరు చూపించే గాలి వేడి ఒక్కటే తగలదు. మిట్టమధ్యాహ్నం నేల మీద చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల సూర్యశక్తి పడుతుంది. కొత్తగా వేసిన తారు అందులో 90 శాతానికి పైగా పీల్చేసుకుంటుంది. వేసవిలో దాని పైపొర 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆ నేలా, పక్కనున్న సిమెంటు గోడా కంటికి కనబడని పరారుణ కిరణాలుగా ఆ వేడిని మళ్ళీ మన మీదికే వదులుతాయి. అంటే పైనుంచి సూర్యుడు, కింద నుంచి నేల, పక్కనుంచి గోడ. గాలి వేడి 33 డిగ్రీలే అయినా ఒళ్ళు అంతకు మించిన సెగని మోస్తుంది.

నీడల్లో కూడా రకాలున్నాయి. మే నెలలో వేపచెట్టు కిందా రేకుల షెడ్డు కిందా చెరో పావుగంట కూర్చున్నవాళ్ళెవరికైనా ఇది తెలుసు. రేకు సూర్యుణ్ణి అడ్డుకుంటుంది కానీ తానే కాలిపోయి ఆ సెగని తల మీద కుమ్మరిస్తుంది. చెట్టు ఆకు అలా కాదు. వేళ్ళు పీల్చిన నీటిని ఆకులు ఆవిరిగా వదులుతుంటాయి. నీరు ఆవిరవ్వడానికి వేడి కావాలి, ఆ వేడిని ఆకు తన ఒంట్లోంచే ఇస్తుంది. అందుకే మండుటెండలో కూడా ఆకు ఉష్ణోగ్రత గాలి ఉష్ణోగ్రతకి దగ్గర్లోనే ఉంటుంది. మనిషికి చెమట చేసే పనే చెట్టుకి ఇది.

కొత్త భాగానికి అన్యాయం జరిగేది ఇక్కడే. దాన్ని పక్కనున్న పాత భాగంతో పోల్చి చూస్తారు. పాత భాగంలో చెట్లకి 50, 60 ఏళ్ళుంటాయి. కొత్తదాంట్లో నిన్న నాటినవి ఉంటాయి. పాతది హాయిగా ఉంది, కొత్తదాంట్లో ఏదో వెలితిగా ఉంది అని చెప్పే మనిషి తన మాటల్లో కథ గురించీ వాతావరణం గురించీ చెబుతాడు. అతని ఒళ్ళు చెబుతున్నది ఆకుల గురించి. చెట్టు ఎదిగేదాకా గుడ్డ పందిళ్ళు వెయ్యొచ్చు. కానీ ఎడారి గ్రహంలా కనిపించాల్సిన చోట పందిరి వేస్తే భ్రమ చెదురుతుందని డిజైనర్ల భయం. నా మటుకు నాకు ఆ భయం సరైనది కాదనిపిస్తుంది. నిజంగా ఎడారిలో సంత పెట్టుకునే జనం మొదట కట్టుకునేది పందిరినే. నీడని కథలోకి తీసుకురావడం చేతనైన పనే.

అలాగని కథ గురించిన ఫిర్యాదులన్నీ ఒంటి బాధలే అని తోసెయ్యకూడదు. గెలాక్సీస్ ఎడ్జ్‌ని సినిమాల కాలక్రమంలో ఒకానొక దశకే కట్టేశారు. దాంతో పాత సినిమాల ప్రియమైన పాత్రలు అక్కడ తిరగడానికి వీల్లేకపోయింది. మార్కెట్ వీధుల్లో సినిమా సంగీతం వినిపించేది కాదు, అంతరిక్ష నౌకల చప్పుడూ రోబోల కిచకిచలూ మాత్రమే వినిపించేవి. డిజైనర్ల తర్కం బలమైనదే: నిజమైన ఊళ్ళో నేపథ్య సంగీతం ఎక్కడుంటుంది? కానీ నలభై ఏళ్ళుగా ఆ పాత్రల్ని గుండెల్లో పెట్టుకుని వచ్చినవాళ్ళు కొత్త ఊరు చూడ్డానికి రాలేదు, పాత స్నేహితుల్ని కలవడానికి వచ్చారు. డిస్నీల్యాండ్‌లో ఆ కట్టు కొంచెం కొంచెంగా సడలింది. 2022లో వేరే కాలానికి చెందిన పాత్రలు ఆ వీధుల్లోకి వచ్చాయి.

అంకెల సంగతి కూడా జాగ్రత్తగా చూడాలి. కొత్త భాగం తెరిచిన ఆ త్రైమాసికంలో డిస్నీ అమెరికా పార్కులకు వచ్చినవాళ్ళు 3 శాతం తగ్గారు. డిజైన్ నచ్చక అనుకోవడం తేలిక. కానీ మొదటి మూడు వారాలు రిజర్వేషన్ ఉంటే తప్ప ఆ భాగంలోకి రానివ్వలేదు. జనం విరగబడతారన్న వార్తలు చదివి, తర్వాత వెళ్దాంలే అని ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారని కంపెనీయే చెప్పుకుంది. రానివాళ్ళ అభిప్రాయం ఏ సర్వేలోనూ ఉండదు. విసిగిపోయి మధ్యాహ్నమే వెళ్ళిపోయినవాళ్ళదీ ఉండదు. సాయంత్రం గేటు దగ్గర నిలబడి అడిగేవాళ్ళకి దొరికేది సాయంత్రం దాకా ఓపిక పట్టినవాళ్ళే.

వచ్చినవాళ్ళ మాట విని కంపెనీ నిజంగా మారిన ఉదాహరణ కూడా అనహైమ్‌లోనే ఉంది. 2001 ఫిబ్రవరి 8న డిస్నీల్యాండ్ ఎదురుగా, పాత పార్కింగ్ స్థలంలో, డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్ తెరిచారు. కాలిఫోర్నియాలో కాలిఫోర్నియా నమూనా చూడ్డానికి డబ్బెందుకు కట్టాలన్నది చాలామంది ప్రశ్న. చిన్నపిల్లలు ఎక్కడానికి పెద్దగా ఏమీ లేవన్నారు. మరో సంగతి చాలామంది మాటల్లో పెట్టలేకపోయారు. డిస్నీల్యాండ్ చుట్టూ ఎత్తైన మట్టికట్ట ఉంటుంది, దాని మీద చెట్లుంటాయి, వాటి మధ్యగా రైలు తిరుగుతుంది. లోపలున్నవాళ్ళకి బయటి ఊరు కనబడదు. కొత్త పార్కులో చాలాచోట్ల బయటి హోటళ్ళు కనిపించేవి. ‘ఏదో డిస్నీలా లేదు’ అన్న మాటలో ఆ కట్ట లేని లోటు కూడా ఉంది.

పిల్లలకి ఏమీ లేవన్న విమర్శకి కంపెనీ చేసిన వైద్యం త్వరగానే వచ్చింది. 2002లో పిల్లల కోసం ఒక చిన్న భాగం కట్టారు. అది సరిపోలేదు. 2007లో 110 కోట్ల డాలర్లతో పార్కునే మళ్ళీ మలుస్తామన్నారు. 2012 జూన్ 15న ‘కార్స్’ సినిమా లోకంగా కట్టిన 12 ఎకరాల కార్స్ ల్యాండ్ తెరుచుకుంది. ఇక్కడ కట్టిన ఎర్ర కొండల్ని కాస్త గమనించాలి. వాటి శిఖరాలు 1957 నుంచి 1962 దాకా వచ్చిన క్యాడిలాక్ కార్ల తోక రెక్కల ఆకారంలో ఉంటాయి. వీధి చివర కొండలు నిలబడి ఉండటంతో చూపు అక్కడే ఆగుతుంది, బయటి ఊరు గుర్తుకు రాదు. పదకొండేళ్ళ కింద జనం పేరు పెట్టి చెప్పలేకపోయిన లోటుకి జవాబు కొండ రూపంలో వచ్చిందన్నమాట. పరిశ్రమ అంచనాల ప్రకారం ఆ పార్కుకి 2011లో సుమారు 63 లక్షల మంది వస్తే, 2012లో 77 లక్షలు దాటారు.

క్యూ గురించి రెండు మాటలే చెబుతాను. వేచి ఉండటంలోని బాధ నిమిషాల్లో లేదని వ్యాపార నిర్వహణ నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లోనే రాశాడు. ఊరికే నిలబడ్డ నిమిషం పని ఉన్న నిమిషం కంటే పొడుగు. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసిన నిరీక్షణ కంటే పొడుగు. తిరుమల కంపార్ట్‌మెంట్లో కూర్చున్నవాళ్ళకి ఇది అనుభవమే. కూర్చునే చోటుండి, పాలో అన్నప్రసాదమో వచ్చి, నలుగురూ గోవింద నామం అందుకుంటే గంటలు గడుస్తాయి. ఏ మాటా చెప్పకుండా తలుపు మూసి ఉంచిన పది నిమిషాలు గడవవు.

ఇక జ్ఞాపకం. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం ఒక ప్రయోగం చేసింది. మనుషుల చేతిని ఒకసారి 14 డిగ్రీల చన్నీళ్ళలో నిమిషం పాటు పెట్టించారు. ఇంకోసారి అదే నిమిషం, ఆపైన మరో అరనిమిషం, ఆ అరనిమిషంలో నీళ్ళు మెల్లగా 15 డిగ్రీలకు చేరేలా చేశారు. రెండోదాంట్లో మొత్తం బాధ ఎక్కువ. అయినా మళ్ళీ ఒకటి చెయ్యాలంటే ఏది చేస్తారని అడిగితే, దాదాపు 70 శాతం మంది రెండోదే కోరుకున్నారు. ఎంతసేపు బాధపడ్డామన్నది జ్ఞాపకం పెద్దగా లెక్కపెట్టదు. అన్నిటికంటే గట్టిగా తగిలిన క్షణాన్నీ చివరి క్షణాన్నీ దాచుకుంటుంది. పార్కులు రోజుని బాణసంచాతో ముగించడం ఇందుకు బాగా కలిసొస్తుంది. మధ్యాహ్నం రెండింటికి అడిగిన అభిప్రాయమూ వారం తర్వాత ఈమెయిల్లో అడిగిన అభిప్రాయమూ ఒకటి కాకపోవడానికి కారణం కూడా ఇదే. రెండూ నిజమే. మళ్ళీ వస్తారా అన్నది రెండోది చెబుతుంది. బెంచీ ఎక్కడ వెయ్యాలో మొదటిది చెబుతుంది.

మేం తిరిగొచ్చిన వారానికి అమ్మ పిన్నితో ఫోన్లో మాట్లాడుతోంది. ‘దీపాలు పెట్టాక చూడాలే ఆ కొండలు, నిజం కొండలే అనుకో. పిల్లల మొహాలు చూడాలి అప్పుడు!’ అవతల్నుంచి పిన్ని ఎండ గురించి అడిగినట్టుంది. ‘ఆఁ, ఎండదేముందిలే, ఉంటుంది’ అని మాట దాటేసింది. నేను పక్క గదిలో కూర్చుని ఆ రోజు ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. అమ్మ ఉన్నవి పదకొండు. తొమ్మిదింటిలో ఏదో ఒక గట్టు అంచు మీద, సగం నీడలోకి ఒదిగి, కూర్చునే ఉంది.